నిలువని కాళ్ళు, నిలువని మనస్సు
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఏటేట మన మహాసభలయందు విద్యార్థుల వసతిగృహమును గుఱించియు, పేదపిల్లల చదువునకు వలయు సాహాయ్యమును గుఱించియు, వివాహవ్యయమును తగ్గించుకొనుటను గుఱించియు పెద్దలు ఉపన్యసించుచునే యున్నారు. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను కాళిదాసుని గుఱించి యొక గంట మాటలాడుమని కోరిరి. బడిలో చెప్పినదే మఱల చెప్పుటకు నాకు కష్టము లేదు. వినుటకు మీకును గొప్ప కష్టముండదు. ఇందు సగముమంది నా శిష్యులే గనుక పూర్వాభ్యాసముచే కన్నులు తెఱచియే నిద్రింపగలరు. కాని నిద్రపట్టనివారిని గుఱించి నాలుగు మాటలు చెప్పవలెనని నేనే వారిని ప్రార్థించి ఈ విషయమును పుచ్చుకొంటిని.

నేను వైద్యుడను గాను. రాత్రి పండుకొనగానే కాళ్ళు నిలువక, లేచి నడచుచు, దానివలన నిద్రయు, నిద్ర లేమివలన మనస్సును చెడి బాధపడువారు మన కుటుంబములలో ననేకులు గలరు. వారిలో నెక్కువమంది స్త్రీలు. వారు చెప్పరు; చెప్పినను మనము వినము. నేను వినలేదు. అందుచేతనే ఈ ఉపన్యాసము.

ఈ జాడ్యమునకు మన వాడుకలో స్థిరమైన పేరు లేదు. కాళ్ళు పీకుచున్నవని యొకరందురు. పిక్కలలో చీమలు ప్రాకుచున్నవని యొకరందురు. ఎముక లోపల నేదో గుంజుచున్నదని మఱియొకరందురు. ఇది కీళ్ళనొప్పి కాదు. పిక్క పట్టుకొని గట్టిపడుటయు కాదు. అది క్షణములో వచ్చి కొంతసేపటికి వదలును. దీని లక్షణము వేఱు. కాళ్ళను కదల్పక యుండలేని యొక తహతహ పుట్టును. కూర్చున్నను పండుకొన్నను అది హెచ్చును. లేచి నాలుగడుగులు వేసినంతనే తగ్గును. మఱల పండుకొనగానే తిరిగి వచ్చును. పగటికంటె సాయంకాలమునను రాత్రియందును ప్రబలము. ఈ గుర్తులన్నియు కలిసి యున్నచో వైద్యులు దీనిని పోల్చుకొందురు. రాత్రి బస్సులో హైదరాబాదు పోవలెనన్న భయపడువారును, సినిమాకు పోయి చివరి కుర్చీ కోరువారును మీ యింట నున్నచో ఒకమాఱు అడిగి చూడుడు.

నా ధర్మపత్ని అట్టివారిలో నొకతె. ఆమె యనుమతితోనే చెప్పుచున్నాను. ఆమె ఇచ్చటనే, రెండవ వరుసలో, చివరి కుర్చీలో కూర్చున్నది. మూడవ కాన్పునకు ముందు ఆమెకు మొదట ఈ బాధ కలిగెను. గర్భిణులలో అయిదుగురికొకరికి ఇది వచ్చుననియు, ప్రసవము పిమ్మట సాధారణముగ పోవుననియు నాకప్పుడు తెలియదు. నిజముగనే పోయెను. నలుబది దాటిన పిదప మఱల వచ్చి, పోలేదు. రాత్రి పదునొకండు గంటలకు వరండాలో ఆమె అడుగుల చప్పుడు వినబడుచుండెడిది. మొదట జాలిపడితిని; పిదప విసిగికొంటిని; తుదకు ఉపదేశించితిని. ఉపాధ్యాయునకు వేఱొక విద్య రాదు గదా! సంధ్యవేళ పద్మాసనమున కూర్చుండి అరగంట ధ్యానము చేసినచో చిత్తము నిలుచుననియు, చిత్తము నిలిచినచో కాళ్ళును నిలుచుననియు సిద్ధాంతము చేసి, ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. అయిదు నిమిషములు గడవకముందే ఆమె లేచునది. “కూర్చోలేనండీ, కాళ్ళు ఊరుకోనివ్వడం లేదు” అనెడిది. చాంచల్యమని నేనంటిని. ఒకనాడు కాదు, పెక్కేండ్లంటిని. కదలక కూర్చుండుటయే ఏ రోగమునకు ఆజ్యమో, ఆ రోగికి సాయంకాలమున, అది ప్రబలించు వేళనే, కదలక కూర్చుండుమని విధించితిని. అది ధ్యానము కాదు, శిక్ష. కాలక్రమమున ఆమె పాడుట మానెను, పూజయందాసక్తి తగ్గెను, చిన్నమాటకే కన్నీరు పెట్టుకొనుచుండెను. దానినిగూడ నేను స్వభావదోషముగనే లెక్కించితిని.

ఈ చిక్కు విప్పినది మా యన్నగారి మనుమరాలు, వైద్యవిద్యార్థిని. సెలవులకు వచ్చి రెండు రాత్రులు మా యింట పండుకొని, మూడవనాటి ఉదయమున నాయనమ్మను నాలుగు ప్రశ్నలడిగి, రక్తమున ఫెరిటిన్ అను పదార్థము నెంత యున్నదో పరీక్షింపవలెననెను. అంతకు పూర్వమే ఒక వైద్యుడు హిమోగ్లోబిన్ చూచి, 11.4 ఉన్నది, భయము లేదని చెప్పి, దురదకిచ్చెడు మాత్రయొకటి నిద్రకై వ్రాసియిచ్చి యుండెను. ఆ మాత్ర వేసికొన్న రాత్రులే ఆమె యెక్కువ నడచుచుండెను. ఫెరిటిన్ 9 మాత్రమే యని తేలెను. హిమోగ్లోబిన్ చేతిలోని రొక్కము, ఫెరిటిన్ కొట్టులోని ధాన్యము. చేతిలో రొక్కమాడుచున్నంతకాలము కొట్టు ఖాళీయైన సంగతి పైవారికి తెలియదు.

ఇచ్చట నా పాండిత్యమును గుఱించి యొకమాట చెప్పికొనవలెను. యోగసూత్రములను నేను పలుమాఱులు పాఠము చెప్పితిని. సమాధిపాదమున పతంజలి చిత్తమునకు గలుగు అంతరాయములను లెక్కించుచు మొట్టమొదట పేర్కొన్నది వ్యాధి. ఆ వెంటనే విక్షేపముతో గూడ వచ్చు సహచరములను జెప్పుచు దుఃఖమును, దౌర్మనస్యమును, అంగమేజయత్వమును, అనగా అవయవముల చలనమును, శ్వాసప్రశ్వాసములను ఒకే వరుసలో నుంచెను. మనస్సు క్రుంగుటయు, అంగములు నిలువకుండుటయు జంటగా నుండునని చెప్పిన వాక్యమును పిల్లలకు ప్రతిపదార్థముతో బోధించి, యింటికి వచ్చి, ఆ రెండును కన్నులయెదుట నున్న మనిషికి వ్యాధి యున్నదేమోయని ఆలోచింపకపోతిని. అంగమేజయత్వమనగా ఈ రోగమేయని నేననను. మన పూర్వులకు సర్వమును తెలియునని వాదించుట నాకిష్టము లేదు. చరకుడు వాతరోగముల యెనుబదిలో పిండికోద్వేష్టనమును చెప్పినాడు. అది పిక్క పట్టుటకు దగ్గఱగనున్నది గాని దీనికి గాదు. అయినను వ్యాధిని ముందు లెక్కించిన ఆ క్రమము మంచి వైద్యుని క్రమమే.

పాశ్చాత్యులలో దీనిని మొదట స్పష్టముగ వర్ణించినవాడు ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్, 1672లో. పిమ్మట రమారమి రెండువందల డెబ్బదియేండ్లు దీనిని గట్టిగ పట్టించుకొన్నవారు లేరు. ఉన్మాదమనియు నరముల బలహీనతయనియు త్రోసిపుచ్చిరి. స్వీడను దేశపు కార్ల్ ఎక్బామ్ 1945లో దీనిపై గ్రంథమును ప్రకటించి పేరు పెట్టెను. ఆ దేశమువాడే యగు నార్డ్‌లాండర్ 1953లో ఇనుమును సూదిద్వారా రక్తనాళమునకెక్కించి రోగులకు గుణము కలుగుటను చూపెను. అటుపై అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పండితులు ఈ రోగుల మెదడులో ఇనుము తక్కువగ నుండుటను కనుగొనిరి. రక్తమునందు చాలినంత యున్నను మెదడునకు చేరకపోవచ్చును. చలనమును నియమించు డోపమిన్ అను రసాయనము సరిగా వర్తించుటకు ఇనుము వలయును. ఇది తఱచు వంశానుగతముగను వచ్చును.

ఇనుము లేదని వినినప్పుడు నాకు నవ్వు వచ్చెను, పిమ్మట సిగ్గు వేసెను. మన మేయూరివారము? బైలదిల్లా గనుల ఇనుపరాయి కొత్తవలస మీదుగ రైలులో వచ్చి మన రేవున నోడలకెక్కి జపానునకు పోయినది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని ప్రాణములొడ్డి పోరాడితిమి. 1971లో శంకుస్థాపనము జరిగెను. 1992లో కర్మాగారము జాతికంకితమయ్యెను. మన సంఘీయులలో ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది ఆ యినుమే. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున ఆంధ్రప్రదేశమందు 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత గలదని తేలినది. ఉక్కు పోతపోయు కొలుముల దగ్గఱ రాత్రిపాళీ చేసి వచ్చిన భర్తకు వడ్డించి, మిగిలినది తిని, వెంటనే వేడి కాఫీ త్రాగి పండుకొను నిల్లాలికి ఇనుము లేదు!

ఇక చికిత్స. 2025లో అమెరికా నిద్రావైద్య పరిషత్తు ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము ఈ బాధగల పెద్దవారికి ఫెరిటిన్ 75 నానోగ్రాములు గాని అంతకు తక్కువ గాని యున్నచో, లేక ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తి నూటికి 20కి తక్కువయైనచో, ఇనుము నీయవలెను. పరీక్షాలయపు కాగితముపై 15 ఉన్నను 20 ఉన్నను సరిగా నున్నదనియే అచ్చువేసి యుండవచ్చును. ఈ రోగికి అది చాలదు. జ్వరముగాని వాపుగాని యున్నపుడు ఫెరిటిన్ ఎక్కువగ కనబడి మోసపుచ్చును. ఇనుపమాత్రను దినము విడిచి దినము వేసికొన్నచో శరీరము మేలుగ గ్రహించునని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. పరగడుపున, నిమ్మరసముతో వేసికొనుట మంచిది. మలము నల్లబడును; మలబద్ధకము కలుగవచ్చును. థైరాయిడు మాత్ర వేసికొనువారు దానికిని దీనికిని నాలుగుగంటల యెడముంచవలెను. ఫలమునకు మూడు నెలలైనను ఓపిక పట్టవలెను. మాత్ర సరిపడనివారికి సూదిమందు గలదు. పరీక్ష లేకుండ ఊరక ఇనుము మ్రింగరాదు. కొందఱి దేహమున నది అధికమై కాలేయమునకు కీడుచేయును. మాత్రలసీసా చిన్నపిల్లల కందనీయకుడు, వారికది విషము.

పురుషునకు గాని ముట్లుడిగిన స్త్రీకి గాని ఇనుము తగ్గినచో, రక్తమెచ్చటనో పోవుచున్నదని యెఱుగవలెను. మా యింట అది రక్తమూలములని తేలినది. ఆమె దానిని పదునైదేండ్లు దాచినది. భర్తతో చెప్పుకొనుటకు సిగ్గుపడు రోగములు మన యిండ్లలో నెన్ని గలవో ఆలోచింపుడు. ఉదరమున పుండ్లు గాని, అంతకంటె చెడ్డది గాని లేదని వైద్యుని వలన నిశ్చయము చేసికొన్నపిమ్మటనే మేము మాత్రలు మొదలుపెట్టితిమి.

ప్రభుత్వమువారు స్త్రీలకిచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము గలదు. దానిని ప్రయోగశాలలో తయారు చేయు మార్గమును 1945లో కనుగొన్న బృందమునకు నాయకుడు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున పుట్టి, సోదరుని గ్రహణివ్యాధికి కోలుపోయి, తాను నదే వ్యాధినుండి బ్రదికి బయటపడి, అమెరికా చేరి 1948లో అచ్చటనే కన్ను మూసిరి. మన వీథిలోని గర్భిణి మందులదుకాణమున నడిగి తెచ్చుకొను మాత్రలో నొక తెలుగువాని కష్టమున్నదని మన పిల్లలకెవరు చెప్పుచున్నారు?

ఆహారమును గుఱించి నాకు కొంత చెప్పవలెనని యున్నది. మన ఉత్తరాంధ్ర ప్రాంతపు చోడి అంబలియు, గంటి అంబలియు పేదల తిండియని మనమే చిన్నచూపు చూచితిమి. గింజను నానబెట్టి, మొలకెత్తించి, పులియబెట్టినచో అందలి ఇనుమును కట్టివేయు పదార్థము తగ్గి, అది రక్తమునకెక్కును. తోటకూర, మునగాకు, ఉలవలు, పెసలు, నువ్వులు మంచివి. కాని శాకములలోని ఇనుము తానై దేహమునకు సులభముగ నంటదు. నిమ్మకాయ, ఉసిరిక, జామపండు, వీనిలో నొకటి అదే భోజనమున నుండవలెను. మా అవ్వలు పప్పు దించినపిమ్మట నిమ్మకాయ పిండుట రుచికొఱకే యనుకొంటిని. అనకాపల్లి బెల్లము తినినచో రక్తము పట్టునను మాటలో కొంత నిజము గలదుగాని, చెప్పుకొన్నంత లేదు. మధుమేహులు దీనిని సాకుగా పెట్టుకొనరాదు. మాంసాహారులకు కాలేయము, మాంసము, చేపలయందలి ఇనుము సులభముగ నబ్బును. కేవల శాకాహారులు బి12 విటమినుగూడ పరీక్షింపించుకొనవలెను. అది తగ్గినచో అరికాళ్ళ తిమ్మిరులు వచ్చి ఈ రోగమని భ్రమ కలిగించును. ఇనుపమూకుడులో చింతపండు పులుసు కాచినచో మూకుడునుండియే కొంత ఇనుము కూరలో దిగును. ఆ మూకుళ్ళను పాతసామానువానికి వేసి, అంటుకొనని పళ్ళెములను కొని తెచ్చితిమి.

కాఫీ సంగతి చెప్పినచో నాకు శత్రువులేర్పడుదురని తెలిసియే చెప్పుచున్నాను. అరకు కాఫీ లోకప్రసిద్ధము, మనకు గర్వకారణము. కాని భోజనముతో గాని, వెంటనే గాని త్రాగిన కాఫీయు తేనీరును తిన్న యినుమును చాలభాగము అడ్డగించును. గంట యెడముండవలెను. సాయంకాలము దాటినపిమ్మట మానుటయే మేలు. మద్యమును పొగాకును చెప్పనక్కఱ లేదు. మెగ్నీషియము మాత్రలను గుఱించి ప్రకటనలు మిక్కుటముగ నున్నవి. వాని గుణము ఇంకను స్థిరపడలేదు. విటమిన్ డి లోపమున్నచో పూరించుకొనుట మంచిదే కాని, దానితో కాళ్ళు నిలుచునని ఆశపడవలదు. లోహభస్మములను మండూరమును మన ఆయుర్వేదము పాండురోగమునకు వాడినది. నాకు ఆ శాస్త్రమున గౌరవము గలదు. అందుచేతనే సంతలో కొన్న పొట్లమును శాస్త్రమని నమ్మరాదందును.

జలుబునకు, దురదకు వాడు మత్తుకలిగించు మాత్రలును, కొన్ని వాంతి మాత్రలును, దౌర్మనస్యమున కిచ్చు మందులలో కొన్నియు ఈ బాధను హెచ్చించును. అట్లని మనోవ్యాధికి వాడుమందును తమంతట తాము మానరాదు. వైద్యునితో చెప్పి మార్చుకొనవలెను. డోపమిన్‌వలె పనిచేయు మాత్రలు మొదట అద్భుతముగ గుణమిచ్చి, కొన్నియేండ్లకు రోగమునే పెంచునని యిప్పుడు తెలిసినది. మూత్రపిండములు చెడినవారికి ఈ రోగము మఱింత తఱచు. మన పొరుగున శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున, కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతములయందు మూత్రపిండవ్యాధి ఎన్ని యిండ్లను కూల్చినదో మీకు తెలియును. 2023లో పలాసయందు దానికొక పరిశోధనాలయమును ఆసుపత్రియు ఏర్పడినవి. డయాలిసిస్ మంచముపై నాలుగుగంటలు కదలక పడియుండవలసిన మనిషికి కాళ్ళు నిలువకున్న నెట్లుండునో ఊహింపుడు. మనకు బంధువులచ్చట నున్నారు. చూడబోయినపుడు ఈ సంగతి యడుగుడు, వైద్యునకు చెప్పుడనుడు.

ఇక మనస్సు. నెలలకొలది నిద్ర లేనివానికి దౌర్మనస్యము కలుగుట వింత కాదు. ఇనుమిచ్చిన యారవ నెలకు ఆమె ఫెరిటిన్ 80 దాటెను. రాత్రి నడక తగ్గెను, పూర్తిగ పోలేదు. ఒకనాటి యుదయమున వంటయింట పాట వినబడెను. నేను పేపరు మడచి, లేచి పోకుండ, అక్కడనే కూర్చుంటిని. పోయినచో మానునేమోయని భయము.

అటుపై ధ్యానమును మఱల మొదలుపెట్టితిమి, కాని నా విధమున గాదు, ఆమె విధమున. చీకటిపడగానే మేడమీద ఇరువది నిమిషములు నడచుచు నామజపము చేయును. గోరువెచ్చని నీట కాళ్ళు కడిగికొని, నువ్వులనూనెతో పిక్కలు మర్దించుకొనును. పిమ్మట ఆసనమున గాక కుర్చీలో కూర్చుండి, ఊపిరి విడుచుటను మెల్లగ పొడిగించుచు లెక్కించును. లేవవలెననిపించినచో లేచును, నేనేమియు ననను. పూలు కట్టుట, మఱచిన పాట చరణము తెచ్చుకొనుట వంటి బుద్ధికి పని కల్పించు వ్యాపకములును కాళ్ళను మఱపించును. యోగాభ్యాసము వలన ఈ రోగులకు నిద్రయు మనస్సును కొంత బాగుపడినట్లు చిన్నచిన్న పరిశోధనలు గలవు. కాళ్ళకు వ్యాయామము, మితమైన నడక మేలుచేయునని పరీక్షించి చూచిరి. మితమని యేల యంటిననగా, అలసట మితిమీఱిన రాత్రి బాధ హెచ్చును. ఆషాఢమున సింహాచల గిరిప్రదక్షిణము 32 కిలోమీటర్లు నడచునపుడు ఆమె కాళ్ళు నిశ్చింతగ నుండును; మఱునాటి రాత్రి వడ్డీతో వసూలు చేసికొనును. 2025 జూన్ 21న మన సముద్రతీరమున లక్షలాది జనులు యోగాసనములు వేసిరి. ఆమెయు వచ్చినది. కదలు ఆసనములన్నియు చేసి, కదలని ధ్యానము వచ్చుసరికి ఇసుకలో నడువబోయినది. ఈసారి నేనును వెంట నడచితిని.

కాళ్ళు కుదిరినను దౌర్మనస్యము వీడనివారు, ప్రాణము మీద రోత పుట్టినవారు, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. చినవాల్తేరునందు ప్రభుత్వ మానసిక చికిత్సాలయము గలదు. ఆ వీథిలో కనబడినచో నలుగురేమందురోయను భయము మన సంఘములో నింకను పోలేదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలి మానస్ వారు ఏ వేళనైనను తెలుగున మాటలాడుదురు. అందు ఎవరును మిమ్ము చూడరు.

పోషకులకు నా విన్నపమొకటి. ఫెరిటిన్ పరీక్షకు కొన్ని వందల రూపాయలగును. మన సంచికలో నొక పుట ప్రకటనకు మీరిచ్చు సొమ్ముతో పలువురు స్త్రీలకు పరీక్ష చేయింపవచ్చును. మీ ప్రకటన మానుమనను. సంచిక నడువవలెను గదా. దానికి తోడు వైద్యసాహాయ్యనిధికి ఈ పద్దు నొకటి చేర్పుడని మాత్రమే కోరుచున్నాను. వచ్చిన ఫలితములు రహస్యముగ నుండును. చూచి సలహా చెప్పుటకు మన సంఘములోని యిద్దఱు వైద్యులు ఒప్పుకొనిరి.

నేటి విందున తోటకూరపప్పును, నిమ్మకాయ పులిహోరయు గలవు. కాఫీ మాత్రము భోజనమైన గంటకు గాని రాదు. ఇందులకెవరికైన నాగ్రహము కలిగినచో వంటవారిని దూషింపవలదు. ఆ యేర్పాటు నాది. పరీక్షకు పేర్లు వ్రాసికొను పుస్తకము స్త్రీల వరుసప్రక్క బల్లమీద నున్నది. దానిదగ్గఱ మా యింటియామె కూర్చుండును. కుర్చీ ఖాళీగ నున్నచో ఆ చుట్టుప్రక్కలనే నడచుచుండును, పిలువుడు.